గింజ వెయ్యని రసం

మా అత్తగారు దేముడమ్మ రెండు చేతులకీ మోచేతి దాకా మట్టిగాజులుండేవి. అది గాజుల మీద మోజు కాదు. అనకాపల్లి నుంచి గుల్జార్‌బీ గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని, మునగపాక రోడ్డు వెంట ఊళ్ళు తిరుగుతూ, ఎండెక్కేసరికి మా గుమ్మంలో దింపేది. దింపిన బుట్ట మళ్ళీ ఎత్తుకునేటప్పుడు కాస్తయినా తేలికవ్వాలని మా అత్త నాలుగు గాజులు తొడిగించుకునేది.

"ఇంకెక్కడ తొడగనే దేముడమ్మా, భుజానికా?" అని గుల్జార్‌బీ నవ్వేది.

"తొడుగు. సెయ్యి కాళీ నేకపోతే కాలికి తొడుగు" అనేది మా అత్త.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది అరవై ఒకటిలో. ఎనిమిదో తరగతి దాకా చదివాను కనక ఉత్తరాలు చదవడం, రాయడం నా వంతయింది. ఇంట్లో మేం నలుగురం. అత్త, మావ సన్యాసిరావు, మా ఆయన అప్పలరాజు, నేను. అత్తకి బడి తెలియదు. ఏడాదికోసారి సింహాచలం, జాతరకి అనకాపల్లి నూకాలమ్మ గుడి, అంతకు మించి ఆవిడ ఎక్కడికీ పోలేదు.

పుష్యమాసం వచ్చిందంటే మా కళ్ళంలో గానుగ వేసేవాళ్ళం. ఎడ్లు తిరుగుతుంటే చెరకు నలిగి రసం కుండలోకి కారేది. ఆ రసాన్ని పెద్ద పెనంలో కాచి, పాకం వచ్చాక చెక్క తొట్టిలో పోసి తిప్పి, దిమ్మలు కట్టి అనకాపల్లి మార్కెట్టుకి బండెక్కించేవాళ్ళం. పాకం చూడటంలో మా మావ పేరున్నవాడు. చల్లటి నీళ్ళలో రెండు చుక్కలు వేసి, వేళ్ళ మధ్య నలిపి, "దించీయండి" అనేవాడు. ఆ మాట తరవాత ఒక్క మంట కూడా ఎక్కువ మండనిచ్చేవాడు కాదు.

అత్త చోటు రసం కుండ దగ్గర. పొద్దున్న కారిన మొదటి చెంబు నూకాలమ్మ తల్లికని గానుగ మొదట్లో నేల మీద పోసి దణ్ణం పెట్టేది. ఆ తరవాత దారిన పోయేవాళ్ళు ఎవరొచ్చినా చెంబెడు రసం. తొట్టిలో వేడి బెల్లం తిప్పుతుండగా వచ్చి నిలబడ్డవాళ్ళకి ఆకులో గరిటెడు. గానుగ దగ్గరికి వచ్చిన మనిషి ఉత్తచేతులతో పోతే మరుసటేడు చెరకు చప్పబడిపోతుందని ఆవిడ నమ్మకం. ఆ చుట్టుపక్కల అందరి నమ్మకమూ అదే కాని, మిగతావాళ్ళు చిన్న గిన్నెతో నమ్మేవారు, మా అత్త పెద్ద చెంబుతో నమ్మేది.

అరవై నాలుగు డిసెంబరులో చెరకు ఫారం నుంచి ఒక ఆఫీసరు సైకిలు మీద వచ్చాడు. డెన్మార్కు అనే దేశం నుంచి వ్యవసాయం చదువుకునే అమ్మాయి వచ్చిందట. ఆరు నెలలు రైతు ఇంట్లోనే ఉండి బెల్లం వంట మీద చదువుకోవాలట. పట్నంలో మేడ ఇల్లు చూపిస్తే వద్దని, గానుగ ఉన్న ఇల్లే కావాలందట.

మావ తల గోక్కున్నాడు. "మా ఇంట్లో కుర్చీ కూడా నేదు బాబూ. దొరసాని ఎక్కడ కూకుంటాది?"

అత్త ఒక్కటే అడిగింది. "ఆ గుంటకి తల్లి ఉందా?"

"ఉందమ్మా."

"అయితే రమ్మను. అన్నేసి దూరం పంపిందంటే, అక్కడెవురో ఒక ఆడది సూసుకుంటాదన్న దైర్యం మీదే గదా పంపింది."

ఆ అమ్మాయి పేరు కిర్‌స్టెన్. రెండు రోజుల్లో ఊరంతా కిష్టమ్మ అనేశారు. ఇరవయ్యొక్కేళ్ళది, తాటిచెట్టంత పొడుగు. వచ్చిన రోజే వసారా దూలానికి ఠపీమని తల కొట్టుకుంది. మర్నాడూ కొట్టుకుంది. మూడో రోజు పొద్దున్నే లేచి చూస్తే, దూలానికి ఆ పిల్ల తల తగిలే చోట అత్త తన పాత చీర మెత్తగా చుట్టి కట్టి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

కిష్టమ్మ విశాఖపట్నంలో రెండు నెలలు తెలుగు నేర్చుకుని వచ్చింది. అది పుస్తకం తెలుగు. గానుగ ఎద్దు దారికడ్డంగా నిలబడితే దాని ఎదురుగా వెళ్ళి, "దయచేసి కొంచెము జరుగుము" అంది. మావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నాల్లకి మా ఎర్రెద్దుకి మర్యాద దొరికింది!"

నేను అత్తా అంటుంటే విని తనూ అత్తా అనడం మొదలుపెట్టింది. అన్నం ముందు కళ్ళు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకునేది. అంతసేపూ అత్త గరిటె పట్టుకుని కదలకుండా నిలబడేది. "దండం అవనీ, ఒడ్డిత్తాను" అనేది నాతో మెల్లిగా. పొద్దున్న నూకాలమ్మకి పోశాక రెండో చెంబులోంచి ఒక ఇత్తడి గ్లాసు నిండా రసం కిష్టమ్మకి ఇచ్చేది. "ముందు తల్లికి, తరవాత పిల్లకి" అనేది.

కిష్టమ్మ పని ఇది. మాకు రెండు చేలున్నాయి, మెట్ట మీద ఒకటి, శారద ఏటి ఒడ్డున ఒకటి. రెండింటిలో చెరకు రకాలు వేరు. ఏ రకం వంద కిలోలు ఆడితే ఎంత బెల్లం వస్తుందో సీజనంతా రోజూ తూచి రాసుకోవాలి. చెరకు మోపులు తూచేది, పెనంలో పోసే ముందు రసం డబ్బాలు తూచేది, చివర బెల్లం దిమ్మలు తూచేది. ఆ పుస్తకం సరిగ్గా ఉంటేనే వాళ్ళ కాలేజీలో ఈ ఆరు నెలల చదువూ లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఇంకో ఏడాది కూర్చోవాలి.

ముందు మెట్ట చెరకు ఆడాం. మూడు వారాలకి ఒక సాయంత్రం కిష్టమ్మ అరుగు మీద పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముక్కు ఎగబీలుస్తోంది.

"ఏటమ్మా, ఒంట్లో బాగోనేదా?" అంది అత్త.

"బెల్లం తక్కువ, అత్తా. ఒకరోజు పది కిలోలు. ఒకరోజు ఎనిమిది. నేను ఎక్కడో తప్పు చేస్తున్నాను. ఎక్కడో తెలియదు."

ఎందుకు తక్కువో అక్కడున్న మాకు ఎవరికీ తట్టలేదు. చెంబులతో పోసేదీ గరిటెలతో పెట్టేదీ ఒక సంగతే కాదు మాకు. ఊపిరి పీల్చినట్టు రోజూ జరిగేది. ఆ వేళకి కిష్టమ్మ చెరకు మోపుల దగ్గరో, పొయ్యి దగ్గర వేడి కొలిచే గాజుగొట్టం పట్టుకునో ఉండేది. ఎవరం చెప్పలేదు.

అత్త ఆ పిల్ల తల నిమిరి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి శారద ఒడ్డు చెరకు మొదలు. ఆ రోజు బెల్లం పదకొండు కిలోలు దాటింది. రెండో రోజూ అంతే. కిష్టమ్మ మొహం విచ్చుకుంది. తొమ్మిది రోజులు అలాగే వచ్చాక, ఈ రకం చాలా మంచిదని వాళ్ళ మేష్టారికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. ఫారం ఆఫీసరు వచ్చి పుస్తకం చూసి భేష్ అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది.

పక్క చేను తాతబ్బాయి సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. "బావా, ఈ ఏడు మీ ఒడ్డు చెరుకే నాకు ఇత్తనానికి ఇయ్యాల. నా మెట్టలోది మొత్తం తీసీసి ఇదే ఏసేత్తాను."

"మెట్ట మీద అది నిలవదురా" అన్నాడు మావ.

"దొరసాని తూసి సెప్పింది. నీ ఏలి పాకం కంటే ఆ కాటా గొప్పది కాదా ఏటి?"

తాతబ్బాయి వెళ్ళాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది.

"గంగా, ఆ పుస్తకంలో రాసేది బడిలో మార్కుల్లాంటిది కాదా?"

"కాదత్తా. అది చూసి రైతులు చెరకు వేస్తారు. దేశదేశాల్లో చదువుతారు."

అత్త అక్కడే తులసికోట పక్కన కూలబడింది. ఇంటికని అట్టిపెట్టిన బెల్లం కుండలు రెండు అడుగంటిపోయాయనీ, ఎలకలేమోననీ నేను అంతకు ముందు రోజే అనుకున్నాను. ఎలకలు కాదు. ఆ తొమ్మిది రోజులూ కిష్టమ్మ అన్నానికి వెళ్ళిన వేళ చూసి, అత్త చాటెడు పాత బెల్లం తెచ్చి తొట్టిలో వేడి పాకంలో కలిపేసింది.

"ఏడుత్తంటే సూడనేకపోయేనే. తక్కువైందంది. మనింట్లో ఉన్నదే గదా, ఏసేను. పిల్లకి కూడు తక్కువైతే ఒడ్డించమా, అలగే అనుకున్నాను" అంది.

చెబితే ఆ పిల్ల గుండె పగులుతుంది. చెప్పకపోతే తాతబ్బాయి చేను పోతుంది, పిల్ల పుస్తకం అబద్ధమవుతుంది. అత్త దేవుడి గూటి వైపు చూసి, "ఆ తల్లి సూత్తానే ఉంది, నాకే సిగ్గు నేకపోయింది" అంది.

మర్నాడు పొద్దున్న కిష్టమ్మ తలకి నూనె రాస్తూ చెప్పింది. ఆ పిల్ల జుట్టు పల్చగా, ఎండిన పీచులా ఉండేది. దానికి వారం వారం నూనె పట్టించేది అత్త.

"కిష్టమ్మా, కదలకు. ఒక మాట సెప్పాల. నీ బెల్లంలో నాను బెల్లం కలిపేను."

"ఏటి?" అంది కిష్టమ్మ. ఆ ఒక్క ముక్కా మా ఊరి యాస అప్పటికే పట్టేసింది.

అత్త మొత్తం చెప్పింది. తొమ్మిది రోజులు, చాటెడు చొప్పున. కిష్టమ్మ వెనక్కి తిరిగి అడిగింది.

"ఒక చాట ఎన్ని కిలోలు?"

"తూసేనేటమ్మా? సేతికొచ్చినంత."

కిష్టమ్మ లేచి పుస్తకం తెచ్చుకుంది. ఆ తొమ్మిది రోజుల పేజీలూ చింపలేదు. ఒక్కో పేజీ మీదా మూల నుంచి మూలకి గీత గీసింది. తొమ్మిది గీతలు. గీస్తున్నంతసేపూ అత్త నూనె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉంది. ఆ పూట ఆ పిల్ల అన్నం తినలేదు. మేమూ తినలేదు. సాయంత్రం వాళ్ళ మేష్టారికి ఇంకో ఉత్తరం రాసింది, ఈసారి ఒక్క పేజీ. తరవాత చెప్పులేసుకుని తాతబ్బాయి ఇంటికి బయల్దేరింది.

"నువ్వు కాదు. తప్పు నాది, నోరూ నాదే" అని అత్త ముందు నడిచింది.

తాతబ్బాయి అంతా విని నోరు తెరిచాడు. "ఓలప్పా! బెల్లంలో ఉప్పు కలిపినోల్లని సూసేను, మట్టి కలిపినోల్లని సూసేను. బెల్లంలో బెల్లం కలిపిన దొంగని నిన్నే సూత్తన్నాను."

కిష్టమ్మకి అప్పుడు నవ్వొచ్చింది. అత్తకి ఏడుపొచ్చింది.

కాని అసలు చిక్కు అలాగే ఉంది. చాటెడు బెల్లం మానేసరికి ఒడ్డు చెరకు కూడా ఒకరోజు పది, ఒకరోజు ఎనిమిది. కిష్టమ్మ ఒక రోజంతా ఏ పనీ చెయ్యకుండా కళ్ళంలో మధ్యన కూర్చుని చూసింది. అత్త పోసిన రసం ఇరవై మూడు చెంబులు. పెట్టిన బెల్లం ఎన్ని గరిటెలో లెక్క తప్పింది. "అత్తా, తప్పు నాది కాదు, నీ చేతిది!" అని అరిచింది సంతోషంగా.

మర్నాడు కాటా తెచ్చి రసం కుండ పక్కన వేలాడదీసింది. ఎవరికి పోసినా ముందు తూచాలి. అలా తూచిన మొదటి మనిషి గుల్జార్‌బీ. తన చెంబు కాటా కొక్కేనికి ఎక్కడం చూసి ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇరవై ఏళ్ళ నుంచి తాగుతున్నాను బేటీ ఈ గానుగ రసం. ఎవరూ నా దాహం తూచలేదు. తూస్తే పూర్తిగా తూచెయ్, నన్నూ నా బుట్టనీ కూడా ఎక్కించు" అని నవ్వుతూనే అంది. రసం మాత్రం తాగలేదు. చెంబు కుండ అంచున పెట్టి వెళ్ళిపోయింది.

తూచి పోస్తున్నారన్న మాట పాకి, ఆ తరవాత మూడు రోజులు మా కళ్ళంలోకి మనిషి రాలేదు. కిష్టమ్మ పుస్తకంలో అంకెలు మొదటిసారి ఎక్కడా ఒంకర లేకుండా వచ్చాయి. పది, పది, పది. అత్త మొదటి చెంబు తల్లికి పోసేది, కిష్టమ్మకి గ్లాసు ఇచ్చేది. మూడో చెంబు ముంచి పట్టుకుని రోడ్డు వైపు చూసేది. చూసి చూసి మళ్ళీ కుండలో పోసేసేది. ఆ పోసిన చప్పుడు పొయ్యి దగ్గరున్న నాకు వినిపించేది, కిష్టమ్మకీ వినిపించేది కాబోలు. మూడో రోజు రాసుకుంటున్నదల్లా పెన్సిలు ఆపేసి అత్త వైపే చూస్తూ ఉండిపోయింది.

నాలుగో రోజు పొద్దున్న కాటా అక్కడ లేదు. కిష్టమ్మ నా దగ్గరికి వచ్చి చింతగింజలు అడిగింది. మా ఇంటి ఇత్తడి చెంబుని అంచు దాకా నింపి ఒక్కసారి తూచుకుంది. గరిటెనీ అలాగే తూచుకుంది. ఆ తరవాత తనే కుండ దగ్గర అత్త పక్కన కూర్చుంది. వచ్చినవాళ్ళకి తనే ముంచి పోస్తుంది, పోసిన చెంబుకి ఒక గింజ తన గౌను జేబులో వేసుకుంటుంది. బెల్లానికి రెండో జేబు. రాత్రి గింజలు లెక్కపెట్టి ఎంత ఇచ్చిందీ పుస్తకంలో రాసుకుంటుంది. మనిషిని ఎవరూ తూచరు, మనిషికి తెలియను కూడా తెలియదు.

మధ్యాహ్నం ఫారం వాళ్ళిచ్చిన సైకిలు వేసుకుని అనకాపల్లిలో గుల్జార్‌బీ ఉన్న సందు వెతుక్కుంటూ వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. మర్నాడు గుల్జార్‌బీ వచ్చింది. రెండు చెంబులు తాగింది. ఆ పిల్ల చెయ్యి పెద్దదని తిట్టుకుంటూ, ఆ మణికట్టుకి ఎక్కే గాజులు బుట్టంతా వెతికి తొడిగింది.

అత్తకి ఒక్కటే బాధ. "అంచు దాకే పోత్తావేటే? పొర్లాల. పొర్లకపోతే పోసినట్టా?"

"పొర్లితే తప్పు వస్తుంది, అత్తా."

"సరే, నీ సెంబుకి నీ అంచు. మొదటి సెంబు మాత్రం నాకొగ్గీ."

మొదటి చెంబు అత్త పొర్లించే పోసేది. దానికి కిష్టమ్మ గింజ వేసేది కాదు. ఎందుకని నేను అడిగాను. "అది మనది కాదు కదా" అంది.

వైశాఖంలో గానుగ ఎత్తేశాం. మేలో కిష్టమ్మ వెళ్ళిపోయింది. స్టేషనుకి అత్త దిబ్బరొట్టె, బెల్లం అచ్చు, నూనె సీసా తెచ్చింది. రైలు కదిలేటప్పుడు ఆ పిల్ల కిటికీలోంచి వంగి దణ్ణం పెట్టింది. అత్త పట్టాల పక్కనే చాలాదూరం నడిచింది. ఏడవలేదు. "తల మీద ఏదైనా ఉందేమో సూసుకో" అని ఒకటే కేక.

శ్రావణంలో ఉత్తరం వచ్చింది. కిష్టమ్మ పరీక్ష అయింది. తొమ్మిది రోజులు కొట్టేసినందుకు మార్కులు కొన్ని తగ్గాయట, కాని ఆరు నెలల చదువూ లెక్కలోకి వచ్చింది. పుస్తకంలో 'ఇచ్చినది' అని ఒక వరస చూసి వాళ్ళ మేష్టారు, కారిపోయింది కాక ఇచ్చింది అని ఎలా తెలుసు అని అడిగారట. నా చేత్తో నేనే ఇచ్చాను అని చెప్పిందట.

అందరం సంతోషించాం. అత్త మాత్రం చేటలో బియ్యం అలా వదిలేసి ఆలోచనలో పడింది.

"గంగా, ఆ గుంట రోజూ పొద్దున్న గ్లాసుడు రసం తాగింది గదా. దానికి గింజేసిందా?"

నాకు గుర్తున్నంత వరకు వెయ్యలేదు. మేం తాగినదానికీ వెయ్యలేదు.

"రాయి. ఆ సంగతి రాసీ. ఒకసారి దాసి సూసేను, సాలు."

"ఒక్క గ్లాసే కదత్తా. ఇప్పుడు మళ్ళీ ఆ పిల్లని కంగారు పెట్టడం ఎందుకు?"

"కంగారైతే అవనీ. రాయి."

రాశాను. రోజుకో గ్లాసు నువ్వు తాగావు, ఇంట్లోవాళ్ళం తలో గ్లాసూ తాగాం, దానికి గింజ లేదు, అత్త చెప్పమంది అని. జవాబు వచ్చేదాకా అత్త ప్రతి శనివారం ఉపవాసం ఉంది. వర్షాలు తగ్గాక వచ్చింది ఆ జవాబు. అందులో కిష్టమ్మ తెలుగులో, వంకర అక్షరాలతో తనే రాసింది.

"అత్తా, భయపడవద్దు. పుస్తకం మొదటి పేజీలోనే రాసినాను. ఇంట్లోవాళ్ళు త్రాగిన రసము ఈ లెక్కలో చేర్చలేదు. ఇంట్లోవాళ్ళు ఐదుగురు."

నేను చదివి ఆగాను. అత్త వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. తను, మావ, కొడుకు, నేను. బొటనవేలు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఐదోది మన ఎర్రెద్దేమోనే" అన్నాడు మావ. "దానికి మర్యాద ఇచ్చేది గదా."

అత్త ఆయన మాట వినిపించుకోలేదు. ఐదు అని రాసిన చోటు ఎక్కడో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చుంది. తరవాత లేచి బియ్యం చేట అందుకుంది.

వసారా దూలానికి కట్టిన పాత చీర మాత్రం ఆవిడ బతికున్నన్నాళ్ళూ అలాగే ఉంది. చిరిగితే ఇంకోటి చుట్టేది. మాలో ఎవరి తలా అంత ఎత్తుకి అందదు.